భోజనాల బల్ల మీద డేనిష్ దీపం, చుట్టూ వై కుర్చీలు: ఎత్తు, బల్బు, ఫ్యాను, చెక్క పాలిష్ సందేహాలు

గచ్చిబౌలి_గూడు
అందరికీ నమస్కారం. కొలతలు ముందే ఇస్తున్నాను. డైనింగ్ గది 3.4 × 3 మీటర్లు. స్లాబు 2.9 మీటర్ల ఎత్తులో ఉంది, ఫాల్స్ సీలింగ్ 2.65 దగ్గర. గది నడిమధ్యన 1200 మి.మీ. ఫ్యాను. బల్ల ఇంకా చేయించాలి: 180 × 90 సెం.మీ., ఎత్తు 76 అనుకుంటున్నాం. దాని మీద పీహెచ్ 5 (ఒకదాని కింద ఒకటి షేడ్లున్న డేనిష్ దీపం) గానీ అదే తరహా దీపం గానీ వేలాడదీయాలి, చుట్టూ వీపు దగ్గర వై ఆకారం ఉండే ఆరు డేనిష్ వై కుర్చీలు (విష్‌బోన్). సందేహాలు నాలుగు. దీపం ఎంత ఎత్తులో ఉండాలి? ఏ బల్బు పెట్టాలి? ఫ్యానుతో ఎలా సర్దుకోవాలి? బల్ల టేకుతో చేయించాలా, లేత రంగు యాష్ కర్ర‌తోనా, పైన ఏ పూత వేయించాలి? ఫొటోల్లో అన్నీ బాగుంటాయి కాబట్టి ఫొటోలు పంపకండి, కొలతలు చెప్పండి.

దీపకళిక
మొదటి రెండిటికి నేను చెబుతాను.

బల్ల పైభాగం నుంచి దీపం అడుగు అంచు దాకా 60 సెం.మీ. అటూ ఇటూ 5. మీ బల్ల 76 కాబట్టి అంచు నేల నుంచి 136 దగ్గరికి వస్తుంది. కూర్చున్న మనిషి కళ్ళు సుమారు 120లో ఉంటాయి, కాబట్టి ఎదుటివారి ముఖం దీపం కిందుగా కనిపిస్తుంది. మన దగ్గర చాలామంది «తలకు తగులుతుందేమో» అని 90, 100 పెట్టిస్తారు. కింద బల్ల ఉండగా తల అక్కడికి ఎలా వెళుతుందండీ? అంత పైకి లేపితే వెలుగు బల్ల దాటి గోడలకు పారుతుంది, కూర్చున్నవాళ్ళకు షేడ్ లోపలి భాగం కనిపిస్తుంది. అప్పుడది దీపంగా పనికిరాదు, బొమ్మగా మిగులుతుంది.

వెడల్పు సంగతి. 90 బల్లకు 50 సెం.మీ. షేడ్ సరిగ్గా సరిపోతుంది. పీహెచ్ 5లో ఆ 5 అంకె పై షేడ్ వ్యాసాన్ని చెబుతుంది, అంటే 50 సెం.మీ. పీహెచ్ 4/3 అంటే పైది 40 ప్రాంతం, కిందివి పీహెచ్ 3 దీపానివి. 180 పొడవుకు 50ది ఒక్కటి చాలు. రెండు కావాలంటే 30–40 సైజువి తీసుకుని మధ్య 80–90 దూరం పెట్టండి. 50వి రెండు వద్దు, కింద కూర్చుంటే గొడుగుల దుకాణంలా ఉంటుంది.

ఇక ఆ ఆకారం ఎందుకలా ఉందో చెబితే బల్బు సంగతి తేలికవుతుంది. దీన్ని గీసిన డేనిష్ డిజైనరు (పీహెచ్ ఆయన పేరే) పౌల్ హెన్నింగ్‌సెన్ పట్టుబట్టింది ఒక్కదానికే: బల్బు కంటికి కనపడకూడదు, వెలుగు మాత్రం వృథా కాకూడదు. 1926లో కోపెన్‌హాగన్‌లోని ఫోరం భవనానికి చేసిన మూడు షేడ్ల దీపంలో ప్రతి షేడ్ వంపూ లాగరిథమిక్ సర్పిలంలో (నత్తగుల్లలా విచ్చుకుంటూ పోయే చుట్టలో) ఒక ముక్క. సర్పిలం కేంద్రంలో బల్బు ఉంటుంది. ఆ వంపు గుణం ఏమిటంటే, కేంద్రం నుంచి వచ్చే కిరణం షేడ్ మీద ఎక్కడ పడినా ఒకే కోణంలో పడుతుంది. అందుకే షేడ్ మొత్తం సమానంగా వెలుగుతుంది, ఒకచోట మెరుపు, ఒకచోట చీకటి ఉండవు. 1958లో వచ్చిన పీహెచ్ 5 ఆ వరసలోనిదే. బల్బుల కంపెనీలు ఆకారాలు మారుస్తూనే ఉంటాయని విసిగి, ఏ బల్బు పెట్టినా కంటికి గుచ్చకుండా ఉండేలా చేశాడు. లోపల చిన్న ఎర్ర భాగం, నీలి భాగం ఉంటాయి. కన్ను చురుగ్గా పట్టేది పసుపు, పచ్చ రంగుల్ని. మందంగా పట్టే ఆ రెండు కొసల రంగుల్ని కాస్త పెంచడానికి అవి.

వైర్‌మ్యాన్_వరంగల్
ఎత్తు సరే. ముందు అది ఊడి పడకుండా చూసుకోవాలి కదా.

ఫాల్స్ సీలింగ్ జిప్సమ్ బోర్డు 12.5 మి.మీ. ఉంటుంది. రెండు మూడు కేజీల దీపాన్ని దానికి తగిలిస్తే ఇవాళ నిలుస్తుంది, ఆర్నెల్లకు బోర్డు చుట్టూ పగులు వస్తుంది. బరువు స్లాబుకే పట్టాలి. చేయవలసింది ఇదీ:

బల్ల మధ్య బిందువును తూకపు దారంతో సీలింగు మీదికి ఎక్కించి గుర్తు పెట్టండి. బోర్డుకు ఆ చోట చిన్న రంధ్రం చేయించండి, దీపం పైకప్పు గిన్నె కిందికి దాగేంత మాత్రమే. అందులోంచి స్లాబుకు 8 మి.మీ. బిట్టుతో 50 మి.మీ. లోతు వేసి, హుక్ ఉన్న యాంకర్ ఫాస్టెనర్ బిగించాలి. హుక్ నుంచి సన్నటి గొలుసో మర కడ్డీయో ఫాల్స్ సీలింగ్ మట్టానికి దింపితే దీపం దానికి వేలాడుతుంది, కరెంటు వైరు మీద బరువు పడదు.

డ్రిల్లు పెట్టేముందు ఒక్క మాట. ఫ్యాను బాక్సు నుంచి స్విచ్ బోర్డు ఉన్న గోడ దాకా స్లాబు లోపల పైపులు పోతాయి. ఆ గీత మీద రంధ్రం వేయొద్దు. వైరు తెగితే స్లాబు పగలగొట్టడం ఒక్కటే దారి.

ఇప్పుడు రంగుల సంగతి. యూరప్ దీపంలో గోధుమ రంగు ఫేజు, నీలం న్యూట్రల్, పచ్చ-పసుపు చారల వైరు ఎర్తు. మన పాత ఇళ్ళలో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్. ఎరుపు-పసుపు-నీలం మూడు ఫేజులుగా అలవాటైన చేతికి నీలం చూడగానే ఫేజు అనిపిస్తుంది. అలా తిప్పి కలిపినా దీపం వెలుగుతుంది, అదే ప్రమాదం. స్క్రూ హోల్డరులో ఫేజు అడుగున ఉన్న బొట్టుకు రావాలి, న్యూట్రల్ చుట్టూ ఉన్న మరకు. తిరగబడితే బల్బు మార్చేటప్పుడు వేలికి తగిలే మర భాగమే ఫేజు అవుతుంది. టెస్టరు పెట్టి చూశాకే బల్బు బిగించమనండి.

ఉసిరికొమ్మ
దీపకళిక గారూ, ఒక అభ్యంతరం. ఆ దేశాలవాళ్ళ ఇళ్ళలో సాయంత్రం చూస్తే మసక మసగ్గా, పచ్చగా ఉంటుంది. మనకు అన్నంలో రాయి కనపడాలి, చేపలో ముల్లు కనపడాలి. తెల్ల లైటు 6500కె వేస్తే తప్పేంటి? ఒక్క బల్బుతో ఆరుగురు తినగలరా?

దీపకళిక
మీరు కలిపి అడిగినవి రెండు వేరు వేరు సంగతులు. వెలుగు ఎంత అన్నది ల్యూమెన్లు, రంగు ఎలాంటిది అన్నది కెల్విన్లు. ముల్లు కనపడటానికి కావలసింది మొదటిది. 806 ల్యూమెన్ల బల్బు (పాత 60 వాట్ల బల్బంత) 60 సెం.మీ. ఎత్తు నుంచి బల్ల మీద పడితే, గదికంతా చెదిరిన ఆరు డౌన్‌లైట్ల కన్నా కంచంలో ఎక్కువ వెలుగు ఉంటుంది. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది, లెక్క అంతే. సీలింగులో ఉన్న లైటుకూ కంచానికీ మధ్య దాదాపు రెండు మీటర్లు, దీనికి అరమీటరు పైచిలుకు. మసకగా కనిపించేది గది, బల్ల కాదు. వాళ్ళకు కావలసిందీ అదే.

రంగుకు 2700కె తీసుకోండి. అంతకన్నా ముఖ్యం డబ్బా మీద సీఆర్ఐ, అంటే రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె. 80 అని ఉంటే పక్కన పెట్టండి, 90 పైన ఉండాలి. ఎరుపును చూపించే ఆర్9 అంకె కూడా ఇస్తే 50 దాటాలి. తక్కువ రకం ఎల్ఈడీ కింద ఆవకాయ ఎర్రగా ఉండదు, ఇటుకపొడి రంగులోకి దిగుతుంది. కూరలు పాచిపోయినట్టు కనిపిస్తే వంటను తిడతారు, బల్బును ఎవరూ అనుమానించరు.

అసలు జనం తప్పు చేసేది బల్బు ఆకారంలో. మన దుకాణాల్లో దొరికే మామూలు ఎల్ఈడీ బల్బు సగం వరకు తెల్ల ప్లాస్టిక్ మొద్దు, పై సగం మాత్రమే గుండు. దాన్ని తలకిందులుగా వేలాడదీస్తే వెలుగంతా కిందికే పోతుంది, వెనక్కీ పక్కలకూ పెద్దగా రాదు. పీహెచ్ దీపంలో పై షేడ్‌కు వెలుగు రావాల్సింది సరిగ్గా ఆ వెనక వైపు నుంచే. ఫలితంగా పై షేడ్ నల్లగా, కింది గిన్నె కళ్ళు చెదిరేలా కనిపిస్తాయి. «ఫొటోలోలా వెలగడం లేదు, నకిలీ అంటగట్టారు» అని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం బల్బే. ఫిలమెంటు తరహా ఎల్ఈడీ, గాజు పాలరంగులో ఉన్నది పెట్టండి. అన్ని వైపులా సమంగా వెలుగునిస్తుంది. పారదర్శకమైన గాజు వద్దు, షేడ్ల అంచుల నీడలు బల్ల మీద గీతల్లా పడతాయి. గుండు వ్యాసం 60 మి.మీ., పొడవు 105–110 దాటకూడదు. పొడవైన బల్బు కేంద్రం నుంచి కిందికి జారుతుంది, నేను చెప్పిన సర్పిలం లెక్కంతా చెడుతుంది.

హోల్డరు ఈ27, అంటే మర ఉన్నది. మన పిన్ను బల్బు దానికి పట్టదు. పిన్ను-మర మార్చే అడాప్టరు పెట్టారంటే బల్బు ఇంకో 3–4 సెం.మీ. కిందికి దిగుతుంది. పెట్టకండి.

ఉసిరికొమ్మ
ఆవకాయ మాటతో ఒప్పించేశారు. డిమ్మరు పెట్టొచ్చా?

వైర్‌మ్యాన్_వరంగల్
పెట్టొచ్చు, బల్బు డబ్బా మీద డిమ్మబుల్ అని ఉంటేనే. ఫ్యాను రెగ్యులేటరుకు బల్బు కలిపే తెలివైనవాళ్ళు ఉన్నారు, అది చేయొద్దు. పాత డిమ్మర్లు కనీసం 40 వాట్ల భారం ఉంటే గానీ సరిగ్గా పనిచేయవు. 7 వాట్ల ఎల్ఈడీ పెడితే మిణుకుమిణుకుమంటుంది, గుయ్ మంటుంది. ఎల్ఈడీకి చేసిన ట్రెయిలింగ్ ఎడ్జ్ రకం అడగండి.

మామూలు బల్బు వణుకుతోందో లేదో చూడాలంటే ఫోనులో స్లో మోషన్ వీడియో తీయండి. మన 50 హెర్ట్‌జ్ కరెంటుకు సెకనుకు 100 సార్లు వెలుగు ఎక్కి దిగుతుంది. బల్బు లోపల మంచి డ్రైవరు (ఎల్ఈడీకి కరెంటును మార్చి ఇచ్చే భాగం) ఉంటే వీడియో నిలకడగా ఉంటుంది, చవకదైతే దడదడలాడుతుంది. స్విచ్ కట్టాక కూడా బల్బు సన్నగా మిణుకుతుంటే స్విచ్‌లో ఎర్ర ఇండికేటరు ఉందేమో చూడండి. అది లేకపోతే స్విచ్ న్యూట్రల్ మీద పడి ఉండొచ్చు, చూపించి సరిచేయించాలి.

మాల్మో_మావయ్య
స్వీడన్, డెన్మార్క్ నుంచి సామాను కట్టుకుని వెనక్కి వెళ్ళే తెలుగువాళ్ళకు కూడా పనికొస్తుందని రాస్తున్నాను.

ఇక్కడి ఇళ్ళలో హాలు సీలింగు మధ్యన పెద్ద లైటు వేయడం తక్కువ. ఒక గదిలో ఐదారు చిన్న దీపాలు, అన్నీ నడుము ఎత్తులోనో తల కిందుగానో: సోఫా పక్కన ఒకటి, కిటికీ గట్టు మీద ఒకటి, పుస్తకాల అర దగ్గర ఒకటి. డిసెంబరులో స్టాక్‌హోమ్‌లో మధ్యాహ్నం మూడు కాకముందే పొద్దుగూకుతుంది, కోపెన్‌హాగన్‌లో మూడున్నర దాటాక. హైదరాబాదులో అప్పుడు ఐదూముప్పావు. నాలుగింటి నుంచి పడుకునే దాకా దీపాల కిందే బతికేవాళ్ళు కాబట్టే దీపం మీద అంత బుర్ర పెట్టారు. మీ డైనింగు దీపం ఒక్కటే వేసి సీలింగ్ లైట్లు మొత్తం ఆపితే గది గుహలా ఉంటుంది. గోడ వైపు ఇంకో చిన్న దీపం, 470 ల్యూమెన్లది, పక్క బీరువా మీద పెట్టండి. డేనిష్ ఆర్కిటెక్టు ఆర్నే జాకబ్‌సెన్ కోపెన్‌హాగన్ ఎస్ఏఎస్ రాయల్ హోటల్ కోసం గీసిన ఏజే దీపం లాంటిది, తల వంచి గోడకు తిప్పుకునే రకం, ఆ పనికి బాగుంటుంది.

తెచ్చుకునే టేబుల్ లైట్లకు ప్లగ్గు సమస్య. గుండ్రటి రెండు పిన్నుల యూరోప్లగ్గు పిన్ను లావు 4 మి.మీ. మన 6 యాంపియర్ల సాకెట్టు రంధ్రం 5 మి.మీ. పిన్నుకు చేసింది. దూరుతుంది గానీ వదులుగా ఉంటుంది, వదులైన చోట వేడెక్కి నల్లబడుతుంది. పరాయి అడాప్టర్ల గొడవ లేకుండా ఆ ప్లగ్గు కోసేసి మన ప్లగ్ టాప్ వేయించండి. దీపం అడుగున చతురస్రంలో చతురస్రం గుర్తు ఉంటే రెండు వైర్లు చాలు, ఎర్తు అక్కర్లేదు. ఆ గుర్తు లేని లోహపు దీపానికి మాత్రం మూడో వైరు తప్పనిసరి. అమెరికా నుంచి తెచ్చేవాళ్ళు జాగ్రత్త: హోల్డరుకు ఇక్కడి మర బల్బు పడుతుంది గానీ, లోపల డిమ్మరో డ్రైవరో 120 వోల్టులది ఉంటే 230కి ఒక్క క్షణంలో కాలిపోతుంది.

ఇంకొకటి. ఫిన్లండ్ ఆర్కిటెక్టు ఆల్తోని కూడా స్కాండినేవియన్ లెక్కలో కలిపేస్తున్నారు అందరూ. డెన్మార్క్, స్వీడన్, నార్వేలే స్కాండినేవియా. ఫిన్లండ్‌ను కలిపితే నార్డిక్ అనాలి. చాదస్తమే, అయినా చెప్పకుండా ఉండలేను.

చిత్రిక
కుర్చీ, బల్ల సంగతులు నేను చెబుతాను.

బల్ల ఎత్తు 76 వద్దు. హాన్స్ వెగ్నర్ గీసిన వై కుర్చీ (సీహెచ్24, గీసింది 1949, కార్ల్ హాన్సెన్ అండ్ సన్ తయారీ మొదలు 1950) కూర్చునే ఎత్తు 45. కూర్చునే చోటుకూ బల్ల పైకీ మధ్య 27 నుంచి 30 ఉంటే మోచేయి హాయిగా ఆనుతుంది. అంటే బల్ల 72–74. అప్పుడు దీపం కూడా అంతే దిగాలి, 60 లెక్క బల్ల నుంచి కదా.

ఇంతకన్నా పెద్ద పొరపాటు బల్ల కింది పట్టె దగ్గర జరుగుతుంది. వై కుర్చీకి వీపు పట్టే ముందుకు వంగి చేతులవుతుంది, ఆ చేతుల ఎత్తు 70 దగ్గర. మన వడ్రంగులు బల్ల పలక కింద చుట్టూ 8–10 సెం.మీ. పట్టె వేస్తారు. 74లో పలక 2.5, పట్టె 8 తీసేస్తే మిగిలేది 63.5. కుర్చీ చేతులు పట్టెకు కొట్టుకుంటాయి, ఒక్క కుర్చీ లోపలికి పోదు. ఆరు కుర్చీలు నడవలో నిలబడతాయి. పట్టెను అంచు నుంచి 20 సెం.మీ. లోపలికి జరపండి, లేదా పట్టె లేకుండా పలక కింద అడ్డ బద్దలు వేయించండి. కుర్చీ వెడల్పు 55. పొడుగు వైపు కాళ్ళ మధ్య కనీసం 130 ఉంటే రెండు కుర్చీలు ఒరుసుకోకుండా పడతాయి.

కర్ర సంగతి. అడ్డంగా ఉబ్బే గుణం టేకుకు తక్కువ, బీచ్‌కు బాగా ఎక్కువ. 90 సెం.మీ. వెడల్పు పలక, మామూలు కోత అనుకోండి. కర్రలో తేమ 8 శాతం నుంచి 13కు పెరిగితే టేకు 9 మి.మీ. దాకా పెరుగుతుంది, బీచ్ 18 మి.మీ. హీటరు నడిచే స్వీడన్ ఇంట్లో ఎండిన బల్ల విశాఖకు వచ్చి వానాకాలం చూసిందంటే జరిగేది ఇదే. సొరుగులు బిగుసుకుంటాయి, పలకను నాలుగు మూలలా స్క్రూలతో బిర్రుగా పట్టేసి ఉంటే మధ్యలో పైకి లేస్తుంది, ఎండాకాలం చీలుతుంది. అందుకని పలకను పట్టెకు స్క్రూతో నేరుగా బిగించనివ్వకండి. బద్దలో స్క్రూ రంధ్రాన్ని చెక్క నారకు అడ్డంగా 10–12 మి.మీ. కోలగా చేయించాలి. మధ్య రంధ్రం ఒక్కటే గుండ్రం, అక్కడ కదలదు, రెండు కొసలూ అటూ ఇటూ జరుగుతాయి. ఈ మాట చెబితే «ఫెవికాల్ పెట్టి బిగిస్తే కదలదు సార్» అంటారు. కర్ర కదులుతుంది, ఫెవికాల్ కదలదు, అక్కడే చీలుతుంది.

టేకా యాషా అంటే నా ఓటు టేకు. ఇది పరాయి కర్ర కూడా కాదు: 1950, 60ల్లో డేనిష్ ఫర్నిచర్ పేరు తెచ్చుకున్నదే ఆగ్నేయాసియా టేకుతో. చెదలకు తట్టుకునేది చేవ మాత్రమే, అంచున తెల్లగా ఉండే భాగాన్ని పలకలోకి రానివ్వకండి.

గచ్చిబౌలి_గూడు
పట్టె మాట ఎవరూ చెప్పలేదు, బతికించారు. కుర్చీలు మాత్రం ఓక్‌లో సబ్బు పాలిష్ అన్నారు. సబ్బుతో పాలిష్ ఏమిటండీ? బల్లకు కూడా అదే చేయించవచ్చా?

చిత్రిక
లేత రంగు కర్రలకు (ఓక్, యాష్, బీచ్) డేనిష్ వాళ్ళ పాత పద్ధతి అది. రంగు పచ్చబడకుండా పాలమీగడలా ఉంచుతుంది. లీటరు వేడి నీళ్ళలో 50 గ్రాముల సబ్బు రేకలు, రంగూ వాసనా లేనివి, డిటర్జెంటు కాదు. కరిగి చల్లారితే గంజిలా చిక్కబడుతుంది. స్పాంజితో కర్ర అంతటా పట్టించి, ఐదు నిమిషాల్లో చెక్క నార వెంబడే మిగులు తుడిచేసి, ఆరనివ్వాలి. మొదటిసారి నీరు తగలగానే నార లేచి గరుకవుతుంది. ఆరాక 320 నంబరు ఉప్పు కాగితంతో పైపైన తీయాలి. మూడు నాలుగు సార్లు ఇలా చేస్తే పట్టుకుంటుంది. టేకు, వాల్‌నట్ లాంటి ముదురు కర్రలకు ఇది పనికిరాదు, వాటికి నూనె.

కుర్చీలకు బాగుంటుంది. తెలుగువాళ్ళ భోజనాల బల్లకు మాత్రం వద్దు. కారణం పసుపు. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడుతుంది కదా, సబ్బు కూడా సున్నంలాగే క్షారం. సాంబారు చుక్క పడిన చోట సబ్బు నీళ్ళు పెట్టారంటే పసుపు మరక అక్కడే ఎర్రమరక అవుతుంది, కంగారుపడి ఇంకా రుద్దుతారు. అలా పడితే ఏం చేయాలంటే మామూలు నీళ్ళ గుడ్డతో అద్ది, రెండు మూడు రోజులు ఎండ పడే చోట పెట్టండి. పసుపు రంగు ఎండకు తనంతట తనే వెలిసిపోతుంది.

ఓక్‌కు ఇంకో శత్రువు ఇనుము. ఓక్‌లో టానిన్ ఉంటుంది, తడి ఇనప పెనం దించితే నల్ల సిరా వృత్తం పడుతుంది. స్టీలు పీచుతో రుద్దినా అంతే, దాని తునకలు నారలో ఇరుక్కుని తడి తగిలిన రోజు నల్ల చుక్కలవుతాయి. ఆ మరకకు ఆక్సాలిక్ ఆమ్లం పలచగా కలిపి పూసి, తర్వాత బాగా కడగాలి. చేతికి తొడుగు వేసుకోండి, అది విషం.

బల్లకు హార్డ్‌వ్యాక్స్ ఆయిల్ (నూనె, మైనం కలిసిన పూత), పలచగా రెండు పూతలు. ఒక పూతకూ ఇంకో పూతకూ మధ్య ఒక రాత్రి. లిన్సీడ్ నూనె వాడేటట్టయితే ఒక హెచ్చరిక: నూనె తుడిచిన గుడ్డలు ముద్దగా చుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్ళ బక్కెట్లో వేయండి, లేదా విడివిడిగా పరిచి ఆరేయండి. పాలిష్ మిస్త్రీకి ఇది ముందే చెప్పండి.

నులక_మంచం
వై కుర్చీ అల్లిక గురించి ఎవరూ ఎత్తలేదు. అది తాడు కాదు, కాగితం. మూడు పేటలు మెలివేసిన కాగితపు తాడు, ఒక్కో కుర్చీకి సుమారు 120 మీటర్లు పడుతుంది. నులక మంచం అల్లినవాళ్ళకు సూత్రం వెంటనే పడుతుంది గానీ తేడాలు ఉన్నాయి. నులక వదులైతే కాళ్ళవైపు తాడు లాగి బిగిస్తాం. కాగితపు తాడుకు ఆ వీలు లేదు, మొదట లాగిన బిగువే జీవితాంతం బిగువు.

తిరిగి అల్లించాల్సి వస్తే క్రమం ఇది. పాత తాడు, మేకులు తీసి పట్టెలు శుభ్రం చేయాలి. ముందు పట్టె వెనక పట్టె కన్నా పొడవు. ఆ తేడాను ముందు మూలల్లో పూడ్చుకోవాలి: ఎడమ పక్క పట్టె లోపలివైపు తాడును మేకుతో కొట్టి, ముందు పట్టె మీదుగా కిందికి, మళ్ళీ పైకి వచ్చి ఎడమ పట్టె చుట్టి, అడ్డంగా కుడి పట్టెకు, అక్కడా అలాగే చుట్టి కుడి లోపల మేకు. ముందు పట్టె మీద మిగిలిన ఖాళీ వెనక పట్టెకు సమానమయ్యేదాకా ఇలా. ఆ తర్వాతే నాలుగు మూలలూ తిరుగుతూ ఒకే దారం. నాలుగైదు చుట్లకొకసారి చెక్క దిమ్మ పెట్టి సుత్తితో మెల్లగా తట్టి వరసలు దగ్గరికి చేర్చాలి. మూలల్లో తాడు సరిగ్గా లంబంగా దాటాలి. ఒక్క మూల పక్కకు ఒరిగితే మధ్యకు వచ్చేసరికి నాలుగు వేళ్ళ వంకర అవుతుంది, అంతా విప్పాలి. పై పొరకూ కింది పొరకూ మధ్య అట్టముక్కలు దూర్చాలి, లేకపోతే కూర్చున్నచోట పల్లం పడుతుంది. పక్క పట్టెలు ముందు నిండిపోతాయి. మిగిలిన నడిమి భాగాన్ని ముందుకూ వెనక్కీ ఎనిమిది అంకె ఆకారంలో అల్లి ముగించాలి. ముడులన్నీ అడుగున.

నులకను నానబెట్టినట్టు దీన్ని నీళ్ళలో వేయొద్దు, మెలి విడిపోతుంది. పులుసు ఒలికితే రుద్దకుండా గుడ్డతో అద్దండి, అయినా మరక కొంత మిగులుతుంది. చిన్నపిల్లలున్న ఇల్లయితే నల్ల తాడు రకం అడగండి. అల్లిక మీద మోకాళ్ళతో ఎక్కి బల్బు మార్చడం కూడా వద్దు, బరువంతా నాలుగు వరసల మీద పడుతుంది.

గచ్చిబౌలి_గూడు
అసలు ధరలు చూస్తే గుండె ఆగుతోంది. నకళ్ళు కొంటే నేరమా?

మాల్మో_మావయ్య
డెన్మార్క్‌లో ఇలాంటి డిజైన్లకు కర్త చనిపోయాక 70 ఏళ్ళ రక్షణ. హెన్నింగ్‌సెన్ పోయింది 1967లో, వెగ్నర్ 2007లో, లెక్క వేసుకోండి. మన కాపీరైట్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం డిజైన్‌గా నమోదు చేయదగినదాన్ని చేయకుండా 50కి మించి యంత్రాల మీద తీస్తే కాపీరైట్ పోతుంది. డిజైన్ నమోదుకేమో 10 ఏళ్ళు, పొడిగిస్తే ఇంకో 5. అందుకే మన దేశంలో ఆకారం నకలు అమ్మగలుగుతున్నారు. అసలు కంపెనీ పేరు వేసి అమ్మితే అది వేరే నేరం.

దీపకళిక
చట్టం పక్కన పెట్టి పనితనం చూడండి. దీపం నకలును దుకాణంలో వెలిగించమని అడగండి, కుర్చీలో కూర్చుని కళ్ళు దీపం అంచుకు కొంచెం కిందుగా పెట్టి చూడండి. బల్బు కొస కనిపించిందంటే షేడ్ల మధ్య దూరాలు తప్పాయి. లోపలి తెలుపు మెరుస్తోందా, చూడండి: మాట్ తెలుపు ఉండాలి. నిగనిగలాడితే బల్బు ప్రతిబింబం కనపడుతుంది. ఈ రెండూ సరిగ్గా లేని నకలు కన్నా 500 రూపాయల కాగితపు గుండు దీపం మేలు, అది కనీసం కంటికి గుచ్చదు. 2018 ఆగస్టులో హైదరాబాదులో ఐకియా తెరిచినప్పటి నుంచి అవి సులువుగానే దొరుకుతున్నాయి.

చిత్రిక
కుర్చీల్లో జాకబ్‌సెన్ సిరీస్ 7 నకళ్ళ దగ్గర జాగ్రత్త. అసలుది 9 వెనీర్ (పలచని చెక్క) పొరలు, మధ్యలో రెండు పొరలు నూలుబట్ట. వీపు సన్నబడే నడుము దగ్గర వంగి మళ్ళీ నిలబడే బలం ఆ బట్టది. నకళ్ళలో బట్ట తీసేసి పొరలు మందం చేస్తారు. చూడ్డానికి గట్టిగా ఉంటుంది, సరిగ్గా ఆ నడుము దగ్గరే టప్పున చీలుతుంది.

ఉసిరికొమ్మ
ఫ్యాను సంగతి ఎవరూ తేల్చలేదు. ఇంకో మాట, వానాకాలం ఉసిళ్ళు వచ్చినప్పుడు ఈ దీపం గతేమిటి?

వైర్‌మ్యాన్_వరంగల్
ఫ్యాను రెక్క 60 సెం.మీ., షేడ్ సగం 25. రెంటి కేంద్రాల మధ్య కనీసం 120 ఉంటేనే గాలికి దీపం ఊయల ఊగదు. 3.4 మీటర్ల గదిలో ఫ్యాను నడిమధ్యన ఉండి బల్ల కూడా అక్కడే ఉంటే కుదరదు. ఫ్యాను తీసి గోడ ఫ్యాను 2.2 మీటర్ల ఎత్తులో బల్ల పొడవు వెంబడి పెట్టండి. తీయనంటే బల్లను ఒక గోడవైపు జరిపి, దీపం హుక్ మాత్రం బల్ల మీద వేసి, పాత పాయింటు నుంచి వైరును సీలింగు వెంబడి కొంచెం జారుగా తెచ్చి దింపండి. సీలింగులో ఫ్యాను రెక్కలకు పైన ఉన్న డౌన్‌లైటు ఏదైనా ఉంటే ఆపేయండి, రెక్కల నీడ బల్ల మీద టపటపలాడి తల తిరుగుతుంది.

ఉసిళ్ళు అడుగు మూసిన గిన్నె దీపాల్లో చేరి గుట్టపడతాయి. పీహెచ్ తరహాది కింద తెరిచి ఉంటుంది కాబట్టి చాలావరకు రాలి బల్ల మీద పడతాయి. ఆ రోజు దీపం ఆపి వరండా లైటు వేయండి. మడతల షేడ్ల దీపం (లె క్లింట్ రకం) అయితే దుమ్ము మడతల్లో పడుతుంది. ప్లాస్టిక్ పొరదైతే గోరువెచ్చని సబ్బునీళ్ళలో ముంచి తీసి వేలాడేసి ఆరబెట్టొచ్చు, కాగితందైతే మెత్తని బ్రష్షే గతి.

గచ్చిబౌలి_గూడు
బల్ల 74కు దించాను, పట్టె లోపలికి, గోడ ఫ్యాను. రేపు ఎలక్ట్రీషియన్ వస్తున్నాడు. వైరు ఎంత పొడవు కోయించాలి?

వైర్‌మ్యాన్_వరంగల్
బల్ల 74, ఖాళీ 60, దీపం ఎత్తు 27, మొత్తం 161. సీలింగు 265 కాబట్టి కనిపించే వైరు 104. పైన స్లాబు దాకా 25, కలపడానికి ఇంకో 20. లెక్కకు ఒకటిన్నర మీటర్లు సరిపోతుంది.

కానీ కోయించకండి. మిగిలిన వైరు ఫాల్స్ సీలింగు పైన చుట్ట చుట్టి వదిలేయమనండి. బల్ల, కుర్చీలు వచ్చి, ఇంట్లో అందరికన్నా పొడుగువాళ్ళూ పొట్టివాళ్ళూ ఎదురెదురుగా కూర్చున్నాక రెండు సెంటీమీటర్లు అటో ఇటో మారుతుంది. కోసిన వైరుకు అతుకు వేస్తే అది కంటి ఎదుటే ఉంటుంది.